బుట్ట నిండితే తోట గట్టెక్కినట్టు కాదు

సంపాదకులకు నమస్కారం.

మామిడి కోతలు దగ్గరపడేసరికి పత్రికల వ్యవసాయ పేజీల్లో, కాయలో గుడ్లు పెట్టి పురుగు పట్టించే పండు ఈగ గురించి ఓ పేరా తప్పకుండా వస్తుంది. ఎకరానికి ఇన్ని లింగాకర్షక బుట్టలు (వాసనతో ఈగల్ని రప్పించి చంపేవి) కట్టుకోండి అని రాసి అక్కడితో ఆపేస్తారు. ఏ నెలలో కట్టాలి, బుట్టలో వాసన మందుతో పాటు ఇంకేం ఉండాలి, పక్క తోటలో కట్టకపోతే ఏమవుతుంది అన్నవి అందులో ఉండవు. ఆ ముక్క చదివిన రైతు మే నెలలో నాలుగు బుట్టలు కొని కడతాడు. వారం తిరిగేసరికి బుట్ట అడుగున ఈగలు కుప్పపడతాయి. పీడ విరగడైందని సంబరపడతాడు. జూన్‌లో కాయ కోస్తే టెంక చుట్టూ పురుగులు. ఇక మరుసటి ఏడాది బుట్టల పేరెత్తితే మండిపడతాడు. అతని కోపంలో తప్పేమీ లేదు. అతనికి అందిన సలహాయే సగం. ఆ మిగతా సగం మీ పాఠకులకు చేరాలని ఈ ఉత్తరం.

ముందుగా ఒక మాట సరిదిద్దాలి. పత్తిలో గులాబీ రంగు పురుగుకు, వరిలో కాండం తొలిచే పురుగుకు కట్టేవి లింగాకర్షక బుట్టలే. వాటిలో ఆడ రెక్కల పురుగు విడుదల చేసే వాసనను పోలిన మందు ఉంటుంది. మామిడి, జామ తోటల్లో కట్టే బుట్టలో ఉండేది మిథైల్ యూజినాల్. అది ఏ ఈగదీ కాదు, మొక్కల సువాసన. తులసి ఆకులో, జాజికాయలో, ఎన్నో పూలలో ఉంటుంది. ఈ సంగతి మొదట బయటపడింది మన దేశంలోనే. బీహార్‌లోని పూసాలో పనిచేసిన కీటక శాస్త్రవేత్త హౌలెట్, దోమల కోసం వాడే సిట్రొనెల్లా నూనె చుట్టూ పండు ఈగలు మూగడం గమనించి 1912లో దాని గురించి రాశాడు. అలా లాగుతున్నది మిథైల్ యూజినాలేనని 1915లో తేల్చాడు.

పేరు ఏదైతేనేం అనుకోవడానికి లేదు, ఎందుకంటే మందు పనిచేసే తీరంతా అక్కడే ఉంది. మగ ఈగ ఈ వాసన పట్టుకుని వచ్చి దాన్ని నాకి తింటుంది. తిన్నది దాని ఒంట్లో రెండు వేరే పదార్థాలుగా మారి, పొట్ట చివర ఉన్న గ్రంథిలో నిల్వ ఉంటుంది. పొద్దుగూకే వేళ ఆడ ఈగను పిలవడానికి మగ ఈగ ఆ వాసనను గాలిలోకి వదులుతుంది. పెళ్లికొడుకు పూసుకునే అత్తరు లాంటిదన్నమాట. అది తిన్న మగ ఈగ దగ్గరికే ఆడ ఈగలు ఎక్కువగా చేరతాయి. అందుకే మగ ఈగకు దానిమీద అంత యావ.

దీన్నిబట్టి రైతు గుర్తుంచుకోవలసినవి మూడున్నాయి. బుట్టలో పడేవి దాదాపు అన్నీ మగ ఈగలే. కాయకు పొడిచి గుడ్లు పెట్టే ఆడ ఈగ అటువైపు తొంగి చూడదు. రెండోది, ఒక మగ ఈగ ఎన్నో ఆడ ఈగలతో జత కట్టగలదు. పది మగ ఈగల్లో ఏడు చచ్చినా మిగిలిన మూడు చాలు, గుడ్ల సంఖ్య పెద్దగా తగ్గదు. దాదాపు అన్నీ పోతేనే ఆడ ఈగలు జత దొరక్క గొడ్డువోతాయి. మూడోది అందరూ వదిలేసేది: ఒకసారి కడుపునిండా తిన్న మగ ఈగ కొన్ని రోజుల పాటు ఆ వాసనకు అంతగా రాదు. అంటే విషం లేని ఎర కట్టినా, విషం ఆరిపోయిన పాత బిళ్ళను (మందు పట్టించిన చెక్క ముక్కను) అలాగే ఉంచినా, మనం ఈగను చంపకపోగా దానికి అత్తరు పూసి మరీ ఆడ ఈగల దగ్గరికి పంపుతున్నాం. నిండిన బుట్ట చూసి గుండె నిబ్బరం చేసుకోవడం కాదు, తోటలో ఈగ ఎంత బలంగా ఉందో అది చెబుతోందని అర్థం చేసుకోవాలి.

ఇక ఎప్పుడు కట్టాలి అన్నది. మే నెలలో కడితే ఆలస్యమైపోయినట్టే. ఆపాటికి తోటలో ఉన్న ఆడ ఈగల్లో చాలావాటికి జత కట్టడం అయిపోయి ఉంటుంది. మగ ఈగలను ఎన్నిటిని చంపినా వాటి కడుపులో గుడ్లు ఆగవు. పిందె గోలీకాయంత ఉన్నప్పుడే, అంటే ఫిబ్రవరిలోనే బుట్టలు తోటలోకి ఎక్కాలి. కోత అయిపోయాక కనీసం ఒక నెల ఉండాలి. బంగినపల్లి కోయగానే బుట్టలు దించేసే తోటలు చాలా ఉన్నాయి. అక్కడ పెరిగిన ఈగే జూన్, జూలైల్లో తోతాపురి మీద పడుతుంది. తొలకరి జల్లులకు నేల మెత్తబడి, అడుగున పురుగులు కట్టుకున్న కోశాల (గూళ్ల) నుంచి ఈగలు ఒక్కసారిగా లేచేది కూడా అప్పుడే. చివర కోసే రకాలకు పురుగు ఎక్కువ కావడానికి ఇదీ ఒక కారణం. మామిడి లేని నెలల్లో ఈ ఈగ జామ మీద, సపోటా మీద, రేగు మీద బతుకుతుంది. మామిడి గట్టున జామ చెట్లుంటే చలికాలంలోనే వాటికి బుట్టలు కట్టడం అన్నిటికన్నా లాభం. అప్పుడు ఈగ తక్కువగా ఉంటుంది, తక్కువగా ఉన్నప్పుడే తుడిచిపెట్టడం తేలిక.

ఈగ జాడ తెలుసుకోవడానికైతే పది ఎకరాలకు రెండు మూడు బుట్టలు చాలు. చంపడానికైతే ఎకరానికి 6 నుంచి 10 కావాలి. ఈ రెండు పనుల్నీ కలగాపులగం చేసి ఎకరానికి రెండు చొప్పున కట్టి చేతులు దులుపుకోవడం మామూలైపోయింది.

బిళ్ళ తయారీ కష్టమేమీ కాదు. ఇథైల్ ఆల్కహాల్ 6 పాళ్లు, మిథైల్ యూజినాల్ 4 పాళ్లు, మలాథియాన్ 50 ఇ.సి. (50 శాతం బలమున్న, నీళ్లలో కలిసే పురుగు మందు) 1 పాలు, ఈ లెక్కన కలపాలి. 600 మిల్లీలీటర్ల ఆల్కహాల్ తీసుకుంటే 400 మిల్లీలీటర్ల మిథైల్ యూజినాల్, 100 మిల్లీలీటర్ల మలాథియాన్ అన్నమాట. 5 సెంటీమీటర్ల పొడవు, అంతే వెడల్పు, 1.2 సెంటీమీటర్ల మందం ఉన్న ప్లైవుడ్ ముక్కల్ని అందులో పూర్తిగా మునిగేలా వేసి, గట్టి మూత ఉన్న గాజు లేదా స్టీలు పాత్రలో 48 నుంచి 72 గంటలు నానబెట్టాలి. ఆల్కహాల్ పని మందును చెక్క లోపలి దాకా తీసుకెళ్లడమే. తరువాత అది ఆవిరైపోతుంది. నీళ్లు పీల్చని మెరైన్ ప్లైవుడ్ గానీ, ఒకవైపు సన్‌మైకా అంటించిన ముక్క గానీ పనికిరాదు. మందు పైపైన పట్టి వారంలో ఆరిపోతుంది. రాత్రికి రాత్రి ముంచి తీసిన బిళ్ళల గతీ అంతే. ఈ పని పొయ్యి దగ్గర, బీడీ కాల్చే చోట చేయకూడదు, ఆల్కహాల్‌కు నిప్పు ఇట్టే అంటుకుంటుంది. రైతుకు ఇథైల్ ఆల్కహాల్ విడిగా దొరకడం కష్టం కాబట్టి సంఘంగా తయారు చేయించుకోవడమో, తయారైన బిళ్ళలు కొనడమో నయం.

చెక్క లేకుండా నీళ్లతో చేసే పద్ధతి కూడా ఉంది. లీటరు నీటికి 1 మిల్లీలీటరు మిథైల్ యూజినాల్, 1 మిల్లీలీటరు మలాథియాన్ కలిపి బుట్టకు 100 మిల్లీలీటర్లు పోయడం. జాడ చూసుకోవడానికి సరిపోతుంది. కానీ మన ఎండలకు ఆ నీళ్లు నాలుగైదు రోజుల్లో ఇగిరిపోతాయి, మళ్లీ మళ్లీ పోయాలి. ఎకరాలకు ఎకరాలు ఉన్న తోటలో ఎవరూ పోయరు. అందుకే చెక్క బిళ్ళే నమ్మకం.

పాత కరపత్రాల్లో డైక్లోర్వాస్ కలపమని ఉంటుంది. ఆ మందును 2020 డిసెంబర్ 31 నుంచి దేశంలో నిషేధించారు. ఎక్కడో అడుగున మిగిలిన పాత సీసా ఉందని అది పోయవద్దు.

చేతికి తొడుగులు లేకుండా ఈ బిళ్ళల్ని ముట్టుకోవద్దని గట్టిగా చెప్పాలి. మలాథియాన్ విషమని అందరికీ తెలుసు. మిథైల్ యూజినాల్ మాత్రం తులసి వాసనే కదా అని తేలిగ్గా తీసుకుంటారు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2023లో దాన్ని మనిషికి క్యాన్సర్ కలిగించే అవకాశం గట్టిగా ఉన్న పదార్థాల వర్గంలో చేర్చింది. బుట్టలో వేలాడే బిళ్ళతో పండు తినేవారికి ఏ ముప్పూ లేదు, అది కాయకు తగలదు. కలిపే మనిషి, కట్టే మనిషి జాగ్రత్తపడాలి. తొడుగులు వేసుకోవడానికి ఇంకో కారణమూ ఉంది. మందు అంటిన చేత్తో బుట్ట బయట, తీగకు, కొమ్మకు పులిమితే ఈగలు అక్కడే వాలి నాకుతూ కూర్చుంటాయి, లోపలికి పోవు. "ఈగలు బుట్ట చుట్టూ తిరుగుతున్నాయి గానీ పడడం లేదు" అనే ఫిర్యాదులో సగం ఇదే.

బుట్టకు ప్రత్యేకంగా డబ్బు పోయక్కర్లేదు. లీటరు నీళ్ల సీసాకు పైభాగంలో చుట్టూ వేలు దూరేంత రంధ్రాలు మూడు, అంటే 2 సెంటీమీటర్లవి, పెట్టి, మూతకు తీగ గుచ్చి బిళ్ళను ఆ రంధ్రాల ఎత్తుకే వేలాడదీస్తే చాలు. వాన నీరు పోవడానికి అడుగున సూదితో నాలుగు చిల్లులు పొడవాలి. మనిషి చేతికందే ఎత్తులో, అయిదారు అడుగుల మీద, ఆకుల నీడలో కట్టాలి. మిట్టెండలో కడితే మందు త్వరగా ఎగిరిపోతుంది. గుబురు మధ్యలో ఆకులు రంధ్రాలను మూసేలా కట్టినా లాభం లేదు, వాసన బయటికి పారాలి. వేలాడదీసిన తీగకు కాస్త గ్రీజు పూయాలి. లేకపోతే చీమలు దిగి చచ్చిన ఈగల్ని మోసుకుపోతాయి, లెక్క చూసే రోజున బుట్ట ఖాళీగా ఉంటుంది, ఈగ లేదనుకుంటాం. బిళ్ళను 45 రోజులకోసారి మార్చాలి. 60 రోజులు వస్తుందని పొట్లం మీద రాసి ఉన్నా ఏప్రిల్, మే ఎండల్లో అంత దూరం నమ్మకూడదు. వారానికోసారి ఈగల్ని లెక్కపెట్టి పారబోయాలి. అడుగున కుళ్లిన ఈగల కుప్ప ఉంటే లెక్క చెడుతుంది.

కూరగాయల రైతుల దగ్గర జరిగే పొరపాటు వేరు. బీర, కాకర, సొర, దోస పాదుల్లో కాయను కుళ్లబెట్టే ఈగ వేరే జాతి. దానికి మిథైల్ యూజినాల్ పట్టదు, క్యూ లూర్ అనే ఎర కావాలి. అది రాస్ప్‌బెర్రీ పండు సువాసనకు దగ్గరి చుట్టం. దుకాణంలో "పండు ఈగ బిళ్ళ" అని అడిగితే చేతికందింది ఇచ్చేస్తారు. మామిడి బిళ్ళ తెచ్చి కాకర పందిట్లో కట్టి, పక్క జామ చెట్టు మీది ఈగలన్నిటినీ పందిట్లోకి పిలిచి, కాకరలో పురుగు పోలేదని బాధపడేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. కొనేటప్పుడు పంట పేరు చెప్పాలి, బిళ్ళ మీద మందు పేరు చదవాలి. రెండు ఎరల్నీ ఒకే బుట్టలో పెడితే రెంటి పనీ తగ్గుతుంది. పైగా క్యూ లూర్ లాగుడు మిథైల్ యూజినాల్ అంత బలమైనది కాదు. పాదుల్లో దాని మీదే భారం వేయకూడదు, పుచ్చు కాయలు ఏరడం అక్కడ ఇంకా ముఖ్యం.

ఆడ ఈగ సంగతి చూడకుండా మగ ఈగ మీదే యుద్ధం చేయడం ఒంటి చేత్తో చప్పట్లు కొట్టడమే. గుడ్లు పెట్టడానికి ఆడ ఈగకు మాంసకృత్తులు, తీపి కావాలి, ఆ ఆకలి మీదే దాన్ని పట్టాలి. లీటరు నీటికి 100 గ్రాముల బెల్లం, ఆ పంటకు అనుమతి ఉన్న పురుగు మందు కలిపి మొదళ్ల మీద, కింది కొమ్మల ఆకుల మీద అక్కడక్కడ మచ్చలుగా చల్లాలి. చెట్టంతా తడపకూడదు, కాయల మీద పడకూడదు. కోత ముందు మందు సీసా మీద రాసిన గడువు పాటించాలి. కవర్లు తొడిగే స్తోమత ఉన్నవాళ్లు కాయ నిమ్మకాయంత అయ్యాక తొడిగితే ఈగ పొడవలేదు. కాయకు ఈగ పొడిచిన చోటు చూడగానే తెలుస్తుంది. సూదిమొనంత చుక్క, దానిమీద ఆరిపోయిన సొన బొట్టు, నాలుగు రోజులకు చుట్టూ నీరు పట్టినట్టు మెత్తబడిన మచ్చ. అక్కడ కోస్తే కండలో తెల్లని పురుగులు మెసలుతుంటాయి. ముదిరిన పురుగును అరచేతిలో వేసుకుంటే ఒళ్లు విల్లులా వంచి ఎగిరి పడుతుంది. అలా ఎగిరే పురుగున్న కాయ రాలి నేల మీద పడిందంటే, పురుగు బయటికొచ్చి మట్టిలో రెండు మూడు అంగుళాల లోతున కోశం కట్టుకుంటుంది. వారం పదిరోజుల్లో ఈగై లేస్తుంది.

కాబట్టి రాలిన కాయ ఏరడం బుట్టలు కట్టడమంత పని. కనీసం రెండు రోజులకోసారి ఏరాలి. రెండడుగుల గొయ్యిలో పూడ్చాలి, లేదా నల్లటి మందపాటి ప్లాస్టిక్ సంచిలో మూతి బిగించి ఎండలో పడేయాలి. గట్టు మీద కుప్పపోస్తే ఈగల నర్సరీ పెట్టినట్టే. కోత అయ్యాక చెట్ల కింద గొర్రు తోలితే కోశాలు పైకి తేలి ఎండకు, పిట్టలకు పోతాయి.

ఇక్కడ చెప్పకుండా ఉండలేని మాట ఒకటుంది. మన మామిడిలో చాలా భాగం గుత్త తోటలు. పూత మీద గుత్తకు తీసుకున్న వ్యాపారికి మంచి కాయతోనే పని. రాలినది, పుచ్చినది అతనికి అక్కర్లేదు. రైతేమో గుత్తకు ఇచ్చాక తోటవైపు రాడు. ఆ మధ్య నేల మీద కుళ్లే కాయే ఊరంతటికీ ఈగల్ని పెంచుతోంది. గుత్త కాగితంలో రాలిన కాయ ఎవరు ఏరాలి, బుట్టల ఖర్చు ఎవరిది అని ఒక వాక్యం రాసుకుంటే తీరే పని ఇది. మండీల వెనుక, గుజ్జు ఫ్యాక్టరీల పెరట్లో తొక్కలూ పుచ్చు కాయలూ గుట్టలుగా పడి ఉండడం అదే కోవలోది, దాని మీద పంచాయతీలు కన్నేయాలి.

ఒక్క రైతు ఎంత శ్రద్ధగా చేసినా ఒంటరిగా గెలవలేడనడానికి కారణం కూడా ఇప్పటికి తెలిసిపోయే ఉంటుంది. పక్క తోటలో జత కట్టిన ఆడ ఈగ కంచె దాటి వచ్చి గుడ్లు పెడుతుంది, దాన్ని మన బుట్ట ఆపలేదు. పైగా ఆ తోట మగ ఈగలకు కూడా మన బిళ్ళే ఖర్చవుతుంది. పసిఫిక్‌లోని రోటా దీవి సుమారు 85 చదరపు కిలోమీటర్లు. అక్కడ మిథైల్ యూజినాల్, విషం నింపిన ముక్కల్ని రెండు వారాలకోసారి విమానం నుంచి దీవి మొత్తం మీద చల్లారు. 1963కల్లా ఈ ఈగ అక్కడ లేకుండా పోయింది. జపాన్ నైరుతి దీవుల్లో 1968లో మొదలుపెట్టి 1986 నాటికి తుడిచేశారు. పాదుల ఈగను మాత్రం అలా వదిలించుకోలేక, గొడ్డు ఈగల్ని కోట్లలో పెంచి వదిలి 1993లో గానీ పని పూర్తి చేయలేకపోయారు. చుట్టూ సముద్రం ఉన్న దీవుల్లో జరిగింది నూజివీడులోనో చిత్తూరులోనో కొల్లాపూర్‌లోనో అచ్చం అలాగే జరుగుతుందని మేం అనడం లేదు. ఈగను పూర్తిగా లేకుండా చేయడం మన చేతుల్లో లేదు. కానీ రెండు మూడు వందల ఎకరాలు ఒక్క కమతంగా చేసి, ఒకే వారంలో కట్టి, ఒకే వారంలో బిళ్ళలు మారిస్తే లోపలి తోటల్లో పుచ్చు బాగా తగ్గుతుంది. అంచుల్లో ఉన్న తోటలకే కాస్త నష్టం మిగులుతుంది, అక్కడ బుట్టలు మరికాస్త దట్టంగా కట్టుకోవాలి.

2014 మే 1 నుంచి యూరప్ దేశాలు మన మామిడిని రానివ్వకపోవడానికి కారణం ఈ పురుగే. ఆ నిషేధంలో కాకర, పొట్ల, వంకాయ, చేమ కూడా ఉన్నాయి. మామిడి మీద 2015 జనవరిలో ఎత్తేశారు. ఎగుమతి కాయను 48 డిగ్రీల వేడినీటిలో గంటసేపు ఉంచి లోపలి గుడ్లను, పురుగులను చంపుతారు. మన ఇంట్లో తినే కాయకు ఆ భాగ్యం లేదు, దాన్ని తోటలోనే కాపాడుకోవాలి.

ఉద్యాన శాఖ వారికి మా విన్నపం ఇది. రాయితీ బుట్టల్ని రైతు పేరున నాలుగేసి చొప్పున పంచడం ఆపి, ఊరి పేరున, తోటల కమతం పేరున ఇవ్వండి. అవి జనవరి ఆఖరుకల్లా రైతు సేవా కేంద్రాలకు, రైతు వేదికలకు చేరాలి. ఏప్రిల్‌లో వచ్చిన బుట్ట వచ్చీ రానట్టే. బుట్టతో పాటు మార్చడానికి రెండు విడతల బిళ్ళలు కూడా ఇవ్వాలి. బిళ్ళ పొట్లం మీద ఎర పేరు, విషం పేరు, తయారైన నెల తెలుగులో ఉండాలి.

మీ పత్రికకు ఒక మాట. ఫిబ్రవరి నుంచి జూలై దాకా వారానికోసారి ఉద్యాన పరిశోధనా స్థానాల బుట్టల్లో ఎన్ని ఈగలు పడ్డాయో వాతావరణ వివరాల పక్కనే చిన్న పెట్టెలో వేయండి. ఆ అంకె పెరగడం మొదలైన వారం రైతు రాలిన కాయ ఏరడానికి మనిషిని పెట్టుకుంటాడు, బెల్లం ఎర కలుపుకుంటాడు.

ఇట్లు,
మామిడి తోటల సస్యరక్షణ పనిలో ఉన్న కొందరం